నిలబెట్టి తీసిన కొలత

అవ్వ పోయిన నలభయ్యో దినం ప్రార్థన ముగిసింది. చుట్టాలు తిని, చేతులు కడుక్కుని, ఎవరి బస్సు వాళ్ళు పట్టుకున్నారు. అప్పుడు నేను ఆమె మంచం కింది రేకు పెట్టెను బయటికి లాగాను. ఇంకొన్నాళ్ళు ఆగితే ఏం పోయిందని మా ఇంటాయన అన్నాడు. నిజమే, ఏమీ పోదు. కానీ దుకాణంలో ఎవరైనా బట్ట ఇచ్చి వెళితే దాన్ని విప్పి చూడనిదే నాకు అన్నం సహించదు. అట్లాంటిది కన్నతల్లి పెట్టెను ఎన్నాళ్ళని మూసి ఉంచుతాను? పెట్టెలో పెద్దగా ఏమీ లేదు. అట్ట ఊడిన బైబిలు, బీడీ కార్డు, బాపు కళ్ళద్దాలు, రెండు చీరలు, వాటి మధ్య అరిగిపోయిన కలరా ఉండలు. అన్నిటికంటే అడుగున, పాత క్యాలెండరు కాగితంలో చుట్టి, ఒక తెల్ల పాప్లిన్ జాకెట్టు.

చూడగానే గుర్తుపట్టాను. నా చేత్తో నేను కత్తిరించిన మొట్టమొదటి బట్ట అది. కుట్టుపని చేసేవాళ్ళకు ఒక పాడు అలవాటు ఉంటుంది, ఏ బట్ట చేతికొచ్చినా ముందు తిరగేసి లోపలి కుట్టు చూస్తాం. పెళ్ళికి పోయినా పెళ్ళికూతురి మొహం తర్వాతే చూస్తాను, ముందు చంక దగ్గర ముడత పడిందా లేదా చూస్తాను. ఆ అలవాటు కొద్దీ తిరగేశాను. నేను ఆ వీపును ఒకే ముక్కగా కత్తిరించాను, అక్కడ అతుకు ఉండాల్సిన పనే లేదు. కానీ వీపు నడిమధ్యన, మెడ నుంచి కింది అంచు దాకా కోసి, అదే బట్ట ముక్కను పొడవుగా దించి, చేత్తో కుట్టి ఉంది. పైన సన్నగా మొదలై, భుజాల ఎముకల దగ్గర రెండు వేళ్ళ వెడల్పు అయ్యి, నడుము దగ్గర మళ్ళీ సన్నగా ముగిసింది. దారం గులాబీ రంగుది. బీడీలకు చుట్టే దారం, రెండు పేటలు వేసి కుట్టింది.

నా దగ్గర కుట్టు నేర్చుకున్న ప్రతి పిల్లకూ ముప్పై ఏళ్ళకు పైగా నేను చెబుతూ వచ్చిన మాట ఒకటుంది. నా మొదటి జాకెట్టు ఒక్క కుట్టు విప్పే పని లేకుండా కుదిరిందని. చెప్పేటప్పుడు గొంతు కాస్త పెంచేదాన్ని కూడా. ఆ మాట మీదే నేను టైలర్‌నయ్యాను, ఆ మాట మీదే నాకు కుట్టు నేర్పిన మాస్టరు నా చేతికి కత్తెర ఇచ్చాడు. అవ్వ మంచం మీద కూర్చుని ఆ గులాబీ దారాన్ని వేలితో తడుముతుంటే ఒళ్ళంతా సిగ్గేసింది. ఏడుపు తర్వాత వచ్చింది.

కుట్టు నేర్చుకునే రోజుల్లో మేము బోధన్‌లో ఉండేవాళ్ళం. చక్కెర ఫ్యాక్టరీ గోడకు కొంచెం దూరంలో, వరసగా ఉన్న పెంకుటిళ్ళలో ఒకటి మాది. సీజను మొదలైతే పగలూ రాత్రీ చెరుకు బండ్లే. కోటగిరి వైపు నుంచి వచ్చే ఎడ్లబండ్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉండేవి. మరిగే పానకం వాసన ఇంట్లోకి వచ్చి అన్నంలో, బట్టల్లో, తల వెంట్రుకల్లో కూర్చునేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ వాసనకు ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు మాత్రం ఆ వాసన ఉన్నన్నాళ్ళు ఇంట్లో కూర రుచిగా ఉన్నట్టు ఉండేది, ఎందుకంటే ఆ నాలుగైదు నెలలే బాపుకు రోజూ పని దొరికేది. బండ్ల మీంచి చెరుకు దించే పని ఆయనది. సైరను మోతతో మా ఇంట్లో పనులు జరిగేవి. మొదటి సైరనుకు అవ్వ లేచి ప్రార్థన చేసుకుని పొయ్యి వెలిగించేది, రెండో సైరనుకు బాపు సద్దితో బయటికి నడిచేవాడు, ఆ తర్వాత అవ్వ గోడకు చాట ఆనించుకుని కూర్చునేది. కూర్చుంటే ఇక కూర్చున్నట్టే.

అవ్వ బీడీలు చేసేది. ముందు రోజు తడి గుడ్డలో చుట్టి పెట్టిన తునికాకును రేకు ముక్క ఆనించి కత్తెరతో కత్తిరించేది. ఒళ్ళో చాట, చాటలో ఒక పక్క ఆకు, ఒక పక్క తంబాకు, బొటనవేలి దగ్గర దారపు ఉండ. వీపు వంచి, మెడ దించి, చూపంతా వేళ్ళ మీద. పాటలు వచ్చేవి, కీర్తనలన్నీ నోటికి వచ్చు, కానీ పాడుతున్నంతసేపూ తల ఎత్తేది కాదు. మా వాడకట్టులో ఆడవాళ్ళందరిదీ అదే కూర్చోవడం. చిన్నప్పటి నుంచీ చూసీ చూసీ, ఆడవాళ్ళ వీపులు అట్లాగే ఉంటాయని అనుకున్నాను. కత్తెర కూడా మా ఇంట్లో కొత్త వస్తువేం కాదు. పదేళ్ళకే ఆకు కత్తిరించాను. ఎనిమిదో తరగతి అయ్యేసరికి నా పక్కన ఒక చిన్న చాట పెట్టారు. మా దిక్కు అప్పట్లో పిల్లను అడగడానికి వచ్చినవాళ్ళు మొదట అడిగే ప్రశ్న, బీడీ కార్డు ఉందా అని. కార్ఖానా ఇచ్చే ఆ పని కార్డు ఉంటే పిల్ల ఏ ఇంటికి పోయినా దాని తిండి అది తింటుందని. చదువు గురించి ఆ తర్వాత అడిగేవాళ్ళు, అదీ మర్యాదకు.

నాకు మాత్రం తంబాకు వాసన పడేది కాదు. దగ్గు వచ్చేది, కళ్ళ నీళ్ళు కారేవి, కోపం వచ్చేది. కోపమే ఎక్కువ. నా వంకర బీడీలు కార్ఖానాలో సరిచూసే ఆయన పక్కకు విసిరేస్తుంటే, అవి అవ్వ లెక్కలో పోతుంటే, నేను ఇంటికొచ్చి చాటను కాలితో నెట్టేదాన్ని. అవ్వ తిట్టేది కాదు. ఒకనాడు చాట మీద గుడ్డ కప్పి, ముఖం కడుక్కుని, నన్ను వెంటబెట్టుకుని లింబాద్రి మాస్టరు దుకాణానికి తీసుకుపోయింది. ఆయన మేరోళ్ళ మనిషి, తాతల నుంచీ కుట్టుపనే. దుకాణం ముందు భాగంలో ఆయన, వెనక పరదా చాటున ఆయన భార్య గంగవ్వ కూర్చునేవాళ్ళు. ఆడవాళ్ళ కొలతలు గంగవ్వ తీసి గొంతెత్తి చెబితే మాస్టరు ఇవతల రాసుకునేవాడు. గంగవ్వ ఉంది కాబట్టే బాపు నన్ను అక్కడికి పంపడానికి ఒప్పుకున్నాడు.

నేర్చుకోవడమంటే మొదటి రోజే మిషను ఎక్కుతాననుకున్నాను. నాలుగు నెలలు సూది తప్ప ఇంకేమీ నా చేతికి రాలేదు. చీర అంచులకు, లంగా అంచులకు చేత్తో కుట్టే తురుపాయి, హుక్కులు, కాజాలు. కాజా సరిగ్గా రాకపోతే మాస్టరు ఏమీ అనేవాడు కాదు, బ్లేడుతో విప్పి మళ్ళీ నా ఒళ్ళో పెట్టేవాడు. పొద్దున వెళ్ళగానే బొగ్గుల ఇస్త్రీ పెట్టె రాజేయాలి, మిషన్లకు నూనె వేయాలి, నేల మీది ముక్కలు ఊడ్చాలి. ఊడ్చిన ముక్కల్లో పనికొచ్చేవి గంగవ్వ ఏరి సంచిలో వేసుకునేది, చిన్న పిల్లల బొంతలకు. ఆ తర్వాత దారం లేకుండా ఒట్టి సూదితో వార్తాపత్రిక మీద గీతల వెంట మిషను తొక్కించారు. గీత తప్పితే కాగితం మీద బొక్కలు పక్కదారి పట్టి కనిపించేవి, దాచడానికి వీలుండేది కాదు. మాస్టరు తక్కువ మాటల మనిషి. పొద్దున చాయ్ తాగుతూ ఒకటి, పొద్దుగూకేటప్పుడు ఒకటి చొప్పున మాట్లాడేవాడు. గంగవ్వ ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. మార్కెట్లో మరాఠీ వాళ్ళతో మరాఠీ, తురకవాళ్ళతో ఉర్దూ, నాతో మాత్రం తిట్లు. కానీ ఆమె తెచ్చిన జొన్నరొట్టెలో సగం ఎప్పుడూ నాదే.

ఆ ఏడు సీజను మధ్యలో బాపు రొమ్ము పట్టేసి మంచం పట్టాడు. లేచినా బరువు మోయలేడని డాక్టరు చెప్పాడు. ఇంట్లో ఒక్క చాట చాలదు, రెండోది కావాలి. మా పెద్దనాన్న వచ్చి నన్ను కుట్టు మాన్పించి బీడీలకు కూర్చోబెట్టమన్నాడు, కార్డు ఏర్పాటు తను చూస్తానన్నాడు. అవ్వ మాత్రం, సీజను అయిపోయే దాకా చూద్దాం, అప్పటికి పిల్ల చేతికి కత్తెర వస్తే కుట్టుతోనే సంపాదిస్తుంది, రాకపోతే చాట పట్టుకుంటుంది అని చెప్పింది. నా చెవిలో ఆ మాట పడ్డప్పటి నుంచీ ప్రతి సైరనుకూ ఇంకెన్ని రోజులని లెక్క వేసుకునేదాన్ని. చెరుకు బండ్ల వరస రోజురోజుకూ కురచవుతుంటే, నిజంగానే వెళ్ళి లెక్కపెట్టి వచ్చేదాన్ని.

మాస్టరు దగ్గర కత్తెర పట్టడానికి ఒక పద్ధతి ఉండేది. మొదటి కత్తెర సొంత ఇంటి బట్టకే పెట్టాలి. పరాయివాళ్ళ బట్ట పాడుచేసే హక్కు నేర్చుకునేవాళ్ళకు లేదు. కుట్టింది ఇంట్లో మనిషి వారం దినాలు వాడి, ఆ తర్వాత తనే దుకాణానికి వచ్చి కుదిరిందో లేదో మాస్టరు ముందు చెప్పాలి. కుదిరిందంటే మర్నాటి నుంచి కటింగు. కుదరలేదంటే ఆరు నెలలు మళ్ళీ కాజాలు, తురుపాయిలే. అప్పటికి సీజను అవడానికి నెల కూడా లేదు. అంటే నాకు దక్కేది ఒక్కటే అవకాశం. గంగవ్వ మా వాడకట్టుకు వచ్చినప్పుడు ఈ పద్ధతంతా అవ్వకు పూసగుచ్చినట్టు చెప్పిందని నాకు తెలుసు. అవ్వ తెల్ల పాప్లిన్ తెచ్చింది. నెలకొక ఆదివారం గుడిలో ప్రభు భోజనం తీసుకునేటప్పుడు ఆడవాళ్ళు తెల్లచీర కట్టుకుంటారు, దాని మీదికి ఆమెకు సరైన జాకెట్టు లేదు.

బట్టతో పాటు అవ్వ తన పాత జాకెట్టు కూడా తెచ్చింది, కొలతకు ఆదిగా. నేను దాన్ని ముట్టలేదు. ఆది చూసి కుట్టడం చేతకానివాళ్ళ పనని అప్పుడు నా లెక్క. టేపు మెడలో వేసుకుని ఉన్నాను, మెడలో టేపు ఉంటే మనిషి నేల మీద నడవదు. గంగవ్వ పక్కకు జరిగి నన్నే కొలతలు తీయమంది.

"నిలవడు అవ్వా," అన్నాను. "సక్కగ నిలవడు. వంగకు."

అవ్వ నిలబడింది. వీపు కొంచెం వంగే ఉంది. భుజాలు వెనక్కి పట్టి నేనే సరిచేశాను. మళ్ళీ వంగింది, మళ్ళీ సరిచేశాను. గాలి బిగబట్టి, గడ్డం ఎత్తి, ఫోటో దిగేటప్పుడు నిలబడ్డట్టు నిలబడింది. తన బిడ్డ కొలతలు తీస్తోందని ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం నాకు కనిపించింది, ఆమె ఊపిరి బిగబట్టడం కనిపించలేదు. వీపు అడ్డ కొలత తీశాను. కాగితం మీద గీశాను, బట్ట మీద సుద్దతో గీశాను, మూడుసార్లు చూసుకుని కత్తిరించాను. మాస్టరు వచ్చి గీతలు చూసి, తల ఊపి వెళ్ళిపోయాడు. గీతల్లో తప్పు లేదు. రెండు రోజుల్లో కుట్టేశాను. కత్తిరించగా మిగిలిన ముక్కలు గంగవ్వకు ఇవ్వకుండా, మొదటి ముక్కలని గుర్తుగా ఇంటికి తెచ్చి అవ్వకు ఇచ్చాను.

ఆదివారం అవ్వ దాన్ని తొడుక్కుని గుడికి వచ్చింది. తెల్లచీర కొంగు రెండు భుజాల మీదుగా నిండుగా కప్పుకుంది. ఎండలు ముదురుతున్నాయి, ఫ్యాను కింద కూర్చున్న ఆడవాళ్ళందరూ కొంగులతో విసురుకుంటుంటే అవ్వ ఒక్కతే కొంగు కదపలేదు. భక్తి అనుకున్నాను. ఆ వారంలో ఒక మధ్యాహ్నం నేను దుకాణం నుంచి కొంచెం ముందుగా వస్తే, అవ్వ ఒళ్ళోంచి ఏదో తీసి చాట కింద పెట్టి, దారం తెంపుకుంటూ కనిపించింది. బీడీలు చేసే మనిషి దారం తెంపుకుంటుంటే ఎవరైనా ఏమనుకుంటారు? నేనూ ఏమీ అనుకోలేదు.

వారం నిండిన రోజు ఆమె అదే తెల్లచీర, అదే జాకెట్టు, అదే నిండు కొంగుతో దుకాణానికి వచ్చింది. నేను పరదా పక్కన నిలబడి ఉన్నాను. మాస్టరు మిషను ఆపాడు.

"ఎట్లున్నది దేవమ్మా?"

"మంచిగ కుదిరింది మాస్టరు."

"వంగితే వీపుల గుంజుతలేదా?"

"ఎక్కడ గుంజుతలేదు. నా బిడ్డ కుట్టింది నాకు కుదరక ఎవలకు కుదుర్తది?"

మాస్టరు ఆమె కొంగు వైపు చూశాడు. కొంగు తీసి చూపించమని అడిగే మనిషి కాదు, గంగవ్వను అడగమని చెప్పవచ్చు, చెప్పలేదు. "నువ్వు చెప్పినవ్, నేను విన్న," అన్నాడు. బల్ల మీద ఉన్న తన పెద్ద కత్తెర తీసి, పిడి నా వైపు తిప్పి పెట్టాడు. అది ఎంత బరువుందో ఇప్పటికీ నా మణికట్టుకు గుర్తుంది.

మర్నాటి నుంచి కటింగు బల్ల దగ్గర నాకూ చోటు దొరికింది. పెద్దనాన్నకు కబురు పోయింది, కార్డు ప్రయత్నం ఆగిపోయింది. మొదట వచ్చిన బట్టల్లో మా వాడకట్టు నర్సక్కది ఒకటి, ఆమె కూడా బీడీలు చేసేదే. ఆమెనూ నిలబెట్టి కొలిచాను, భుజాలు సరిచేసి మరీ. తీసుకుపోయిన నాలుగో రోజు నర్సక్క జాకెట్టు చేత పట్టుకుని వచ్చింది. వీపు మీద, చంక కుట్టు పొడుగునా పిగిలిపోయింది. దుకాణంలో బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మాస్టరు లేచి, తప్పు తనదేనని, కొత్తది కుట్టి ఇస్తానని నర్సక్కతో చెప్పి పంపించాడు. గుడ్డముక్కలు ఎత్తే చాట ఒకటి తెచ్చి నా ముందు పెట్టి, ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేసేటప్పుడు కూర్చున్నట్టు కూర్చోమన్నాడు. గంగవ్వను పిలిచి నా వీపు కొలవమన్నాడు. తర్వాత నిలబడమని మళ్ళీ కొలిపించాడు. రెండింటికీ రెండు వేళ్ళ తేడా వచ్చింది.

"నిలవడ్డప్పుడు మనిషి నీ కోసం నిలవడ్తది," అన్నాడు. "కూసున్నప్పుడు ఎట్లుంటదో గట్లనే ఉంటది. మన ఊరి ఆడోళ్ళు పొద్దంత కూసునే ఉంటరు బిడ్డా. గప్పుడు కొలువాలె."

అంత పొడుగు మాట ఆయన నోట నేను విన్నది అదొక్కసారే. వీపు ముక్కలో ఎక్కడ వెడల్పు పెంచాలో, ఎక్కడ మళ్ళీ తగ్గించాలో ఆయనే గీసి చూపించాడు. మెడ దగ్గర సన్నగా మొదలుపెట్టి, భుజాల ఎముకల దగ్గర రెండు వేళ్ళు ఇచ్చి, నడుముకు వచ్చేసరికి పోగొట్టాలి. ఆ పాఠంతోనే నేను బతికాను. తర్వాత నిజామాబాద్ వచ్చి దుకాణం పెడితే, బీడీలు చేసే ఆడవాళ్ళు రెండు వాడలు దాటి నా దగ్గరికే వచ్చారంటే ఆ రెండు వేళ్ళ వల్లనే.

ఆ రోజు ఇంటికి పోతుంటే దారిలోనే నాకు అవ్వ జాకెట్టు గుర్తుకొచ్చింది. అవ్వనూ నిలబెట్టే కదా కొలిచాను. ఇంట్లోకి పోయేసరికి ఆమె చాట ముందు కూర్చుని ఉంది. చెప్పులు విడుస్తూనే అడిగాను, అవ్వా, నీ జాకెట్టు వీపులో బిగుతుగా ఉందా అని. ఆమె తల ఎత్తలేదు. "నాది మంచిగనే ఉన్నది. నువ్వు నీ పని జూస్కో," అంది. సరేనని లోపలికి పోయి అన్నం పెట్టుకున్నాను. దండెం మీద ఆ జాకెట్టు ఆరేసి ఉంది. చేయి చాపితే అందుతుంది. ఏ బట్ట దొరికినా తిరగేసి చూసే నేను ఆ ఒక్కదాన్ని తిరగేయలేదు. అడిగినట్టు అడిగాను, ఆమె చెప్పినట్టు చెప్పింది, ఇద్దరికీ సరిపోయింది. తెలిస్తే కత్తెర మళ్ళీ బల్ల మీద పెట్టేయాల్సి వస్తుందని నాకు లోపల తెలుసు. ఇప్పుడు రాస్తున్నప్పుడు దాన్ని దాచి ప్రయోజనం లేదు.

అవ్వ అబద్ధం ఆడదు. ఆడినవాళ్ళను చూస్తే ఆమెకు అన్నం పోయేది కాదు. పెట్టెలో జాకెట్టు దొరికిన రోజు నుంచీ నేను దీని గురించే ఆలోచిస్తున్నాను. మాస్టరు ముందుకు రాకముందే ఆమె దాన్ని విప్పి, నేను తెచ్చి ఇచ్చిన ముక్కల్లోంచే ఒకటి తీసి, ఆకు కత్తెరతో కత్తిరించి, ఇంట్లో ఉన్న దారంతో కుట్టుకుని, నిజంగా కుదిరాకే వచ్చి కుదిరిందని చెప్పింది. అందుకే మాట తడబడలేదు. టేపు లేదు, సుద్ద లేదు. మాస్టరు నాకు పాఠం చెప్పడానికి ముందే, పైన ఎంత, నడుమ ఎంత, కింద ఎంత అన్నది ఆమెకు తెలిసిపోయింది, ఎందుకంటే ఆ వీపు ఆమెది.

లింబాద్రి మాస్టరు, గంగవ్వ ఎప్పుడో పోయారు. వాళ్ళ దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. ఫ్యాక్టరీ గొట్టం ఉంది కానీ పొగ లేదు, బోధన్ బస్సు దిగితే ఆ పానకం వాసన కోసం నా ముక్కు ఇంకా వెతుకుతుంది. ఈ రోజుల్లో సాగే బట్టలు వచ్చాయి, ఎట్లా కూర్చున్నా ఒంటితో పాటే సాగుతాయి. ఆడపిల్లలు రెడీమేడ్ కొనుక్కుని భుజాలు బిగించడానికి మాత్రం నా దగ్గరికి వస్తారు. ఫోనులో వీడియో చూసి పదిహేను రోజుల్లో కటింగు నేర్చుకుంటామంటారు, కొందరు నేర్చుకుంటారు కూడా, నా కంటే గీతలు బాగా గీస్తారు. అప్పటి కంటే ఇప్పుడు బాగాలేదని నేను అనను. తంబాకు వాసన లేని ఇళ్ళు ఎక్కువయ్యాయి, అది చాలు. కానీ నేను మాస్టరు పద్ధతిని మాత్రం వదలలేదు. మొదటి కత్తెర ఇంటి బట్టకే. కుదరకపోతే ఆరు నెలలు. కూర్చోబెట్టి కొలిచే పాఠం కూడా, నాకు జరిగినట్టే, కత్తెర చేతికిచ్చాకే చెప్పేదాన్ని. దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను.

అవ్వ చివరి ఏడేళ్ళు నా దుకాణం వెనక గదిలోనే ఉంది. నడుము పూర్తిగా వంగిపోయింది. ఆమె జాకెట్లన్నీ నేనే కుట్టాను, కూర్చోబెట్టి కొలిచి. కొలిచే ప్రతిసారీ నవ్వేది, ఎందుకో చెప్పేది కాదు. పోయిన రోజు కూడా తెల్లది కొత్తది నేనే కుట్టాను. స్నానం చేయించిన పెద్దవాళ్ళు వచ్చి, చేతులు బిగుసుకున్నాయి, ఎక్కించడానికి రావడం లేదు, వీపు కోసి ఇవ్వమన్నారు. చనిపోయినవాళ్ళకు అట్లాగే తొడుగుతారు. నా కత్తెరతో మెడ నుంచి అంచు దాకా నడిమధ్యన కోసి ఇచ్చాను. గీత తప్పలేదు. సరిగ్గా అదే చోట ఆమె ఒకసారి కోసిందని నాకు అప్పటికి తెలియదు.

పెట్టె తెరిచిన మూడో రోజు దుకాణం తీశాను. నా దగ్గర నేర్చుకుంటున్న శైలజ మొదటి జాకెట్టుకు వారం నిండింది ఆ రోజే. వాళ్ళమ్మ లక్ష్మి వచ్చింది, ఆమె ఇంకా బీడీలు చేస్తుంది. కొంగు రెండు భుజాల మీదుగా నిండుగా కప్పుకుని గుమ్మం దగ్గరే నిలబడి, మంచిగ కుదిరిందక్కా అంది. శైలజ గోడ పక్కన నిలబడి గోళ్ళు కొరుకుతోంది. ఎప్పుడూ అయితే నేను తల ఊపి, కత్తెర పిడి తిప్పి పెట్టేదాన్ని. నాకు ఆ కొంగు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"కూసో చెల్లె," అని స్టూలు జరిపాను. "బీడీలు చేసేటప్పుడు ఎట్ల కూసుంటవో గట్ల కూసో."

ఆమె కూర్చుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని, అలవాటు కొద్దీ వీపు వంచింది. కొంగు జారింది. వీపు మీద బట్ట బిగుసుకుని, చంక కుట్టు నోరు తెరిచింది. శైలజ చూసి మొహం పక్కకు తిప్పుకుంది. లక్ష్మి గబగబా కొంగు లాక్కుని నా చేయి పట్టుకుంది.

"జరంత బిగుతక్కా, గంతే. నేను ఇంట్ల సరిజేసుకుంట. పిల్లను ఆరు నెల్లు ఆపకు."

ఇట్లా ఎంతమంది తల్లులు నా గుమ్మంలో నిలబడి కుదిరిందని చెప్పి, ఇంటికి పోయి వీపులు కోసుకుని కుట్టుకున్నారో. ఆరు నెలల మాట ఇక లేదని చెప్పాను. శైలజకు బ్లేడు ఇచ్చి, ఇక్కడే, అమ్మ ముందే విప్పమన్నాను, ఎక్కడ రెండు వేళ్ళు ఇవ్వాలో సుద్దతో గీసి చూపించాను. లక్ష్మి నా పాత జాకెట్టు తొడుక్కుని, తన కొంగు సరిచేసుకుని, కాజాలు కుట్టడానికి వెలుతురు బాగా పడే చోట స్టూలు మీద కూర్చుంది. రెండుసార్లు లేవబోయింది, ఇంట్లో చాట ఎదురుచూస్తోందని. కూర్చోమన్నాను. శైలజ విప్పి, ముక్క దించి, మళ్ళీ కుట్టి ఇచ్చేసరికి గంట పట్టింది. అంతసేపూ ఆ తల్లి బిడ్డ చేతుల వైపు చూస్తూ కూర్చుని ఉంది.

గంట పని. ఆ రోజు బోధన్‌లో పరదా చాటున అవ్వ భుజాలు వెనక్కి పట్టి, నిలవడు, సక్కగ నిలవడు అని నాలుగుసార్లు అన్నాను. కూసో అవ్వా అని ఒక్కసారి అంటే కూర్చునేది.